గడియారం లేని ఆటకు గడియారం వచ్చింది

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాళ్ళకు గడియారంతో ఒక విడదీయరాని బంధం ఉంటుంది. మా నాన్న గూడ్స్ గార్డు. అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టేవాడు. నాన్న లాంతరు వెలుతురులో పుస్తకంలో సంతకం పెట్టి, అమ్మ కట్టిచ్చిన క్యారియర్ పట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఆ బండి ఎన్ని గంటలకు బయలుదేరింది, ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగింది, అన్నీ రాసి ఉండేవి. ఇంట్లో మా భోజనాలూ నిద్రా కూడా ఆ లెక్కను బట్టే నడిచేవి. నేనూ రైల్వేలోనే చేరి, అక్కడే రిటైరయ్యాను.

అలాంటివాణ్ణి, అరవై దాటాక ఒక అమెరికన్ ఆటకు అభిమానినయ్యాను. మా అమ్మాయి కుటుంబం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటుంది. 2019 వేసవిలో మొదటిసారి వెళ్ళినప్పుడు అల్లుడు ఆర్లింగ్టన్‌లో టెక్సస్ రేంజర్స్ ఆట చూపించడానికి తీసుకెళ్ళాడు. మండుటెండలో మూడు గంటలు కూర్చున్నాం. ఏం జరుగుతోందో సగం అర్థం కాలేదు. అయినా ఒక విషయం పట్టుకుంది: ఈ ఆటకు గడియారం లేదు. ఫుట్‌బాల్‌కు తొంభై నిమిషాలు, హాకీకి అరవై, టెస్ట్ మ్యాచ్‌కు ఐదు రోజులు. దీనికి మాత్రం కాలపరిమితే లేదు. ఆఖరి ఆటగాడు అవుటయ్యేదాకా ఆట అయిపోదు. ఎవరు ఎంత వెనకబడ్డా, సిద్ధాంతరీత్యా, తిరిగి లేవడానికి అవకాశం ఉంటుంది. జీవితమంతా టైంటేబుల్ కింద గడిపినవాడికి ఇంతకన్నా హాయి ఏముంది?

2023లో మళ్ళీ వెళ్ళేసరికి మైదానంలో గడియారం వేలాడుతోంది.

ఆ గడియారం ఎందుకు వచ్చింది, ఆటను ఏం చేసింది, అంతకుముందు ఆట ఎవరిని లోపలికి రానిచ్చింది, ఎవరిని బయట నిలబెట్టింది, ఇప్పుడు దేన్ని బలి తీసుకుంటోంది అనేవి ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. బేస్‌బాల్ తెలియనివాళ్ళ కోసం క్రికెట్ భాషలోనే మొదలుపెడతాను.

క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్

మైదానంలో ఒక చతురస్రం ఉంటుంది. దాన్ని ఒక మూల మీద నిలబెట్టి చూస్తారు కాబట్టి డైమండ్ అంటారు. నాలుగు మూలల్లో నాలుగు బేస్‌లు. ఒక బేస్‌కు, మరో బేస్‌కు మధ్య 90 అడుగులు. కింది మూల హోమ్ ప్లేట్. బ్యాటర్ అక్కడ నిలబడతాడు. అతనికి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో చిన్న మట్టిదిబ్బ మీద నుంచి పిచర్ బంతి విసురుతాడు. మన బౌలరులా పరిగెత్తి రావడం, బంతిని నేలకు తాకించడం ఉండవు.

బంతి హోమ్ ప్లేట్ మీదుగా, బ్యాటర్ మోకాళ్ళకు, ఛాతీకి మధ్య ఎత్తులో వెళితే అది స్ట్రైక్. కొట్టబోయి తప్పినా స్ట్రైకే. మూడు స్ట్రైకులైతే అవుట్. ఆ గీతల బయట పడ్డ బంతిని బ్యాటర్ వదిలేస్తే దాన్ని ‘బాల్’ అంటారు. నాలుగు బాల్స్ వస్తే బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్ళవచ్చు. బంతిని కొట్టి పరిగెత్తి, నాలుగు బేస్‌లు చుట్టి హోమ్‌కు తిరిగొస్తే ఒక పరుగు. మైదానం దాటించి కొడితే హోమ్ రన్. ముగ్గురు అవుటయితే రెండో జట్టు బ్యాటింగ్‌కు వస్తుంది. రెండు జట్లూ ఒకసారి ఆడితే ఒక ఇన్నింగ్స్. అలాంటివి తొమ్మిది. సమానంగా ఉంటే తేలేదాకా ఇంకా ఆడతారు.

క్రికెట్ అభిమానిని తికమక పెట్టేది వైఫల్యం లెక్క. పదిసార్లు ఆడితే మూడుసార్లు హిట్ కొట్టగలిగినవాడు గొప్ప బ్యాటర్. అంటే ఏడుసార్లు ఓడిపోయినవాడు. ఒక సీజన్లో పదికి నాలుగు దాటినవాళ్ళను మేజర్ లీగుల్లో ఇప్పటికీ టెడ్ విలియమ్స్‌తో పోలుస్తారు. ఆయన 1941లో 0.406 సగటు సాధించాడు. ఏడాదికి ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. ఇవాళ ఓడిపోయినా రేపు మళ్ళీ ఆట ఉంటుంది. ఒక సెంచరీకి గుడి కట్టి, ఒక డకౌట్‌కు దిష్టిబొమ్మ తగలబెట్టే మనకు ఇది కొత్త పాఠం. ఇంకో విశేషం: స్కోరుబోర్డు మీద పరుగులు, హిట్ల పక్కనే ‘ఎర్రర్స్’ అని మూడో గడి ఉంటుంది. ఎన్ని తప్పులు చేశారో అందరికీ కనిపించేలా రాస్తారు. రాసి, ఆట కొనసాగిస్తారు.

ఒకే ఇంటి పిల్లలు

క్రికెట్, బేస్‌బాల్ పరాయివి కావు. దేశాల మధ్య జరిగిన తొలి క్రికెట్ మ్యాచ్ ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య కాదు, అమెరికా, కెనడాల మధ్య. 1844లో, న్యూయార్క్‌లో. బేస్‌బాల్ స్కోరును నేటికీ అచ్చువేస్తున్న పద్ధతిలో తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాసిన విలేకరి. 1869లో ఆటగాళ్ళందరికీ బాహాటంగా జీతాలిచ్చిన తొలి జట్టు సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్‌ను నడిపిన హ్యారీ రైట్ షెఫీల్డ్‌లో పుట్టి, క్రికెట్ ఆడుతూ జీతం తీసుకున్నవాడే. అమెరికా అంతర్యుద్ధం తర్వాత బేస్‌బాల్ దూసుకుపోయింది. మధ్యాహ్నం పని ముగించుకుని చీకటి పడేలోగా చూసేయగల ఆట అది. రోజుల తరబడి సాగే క్రికెట్‌కు కార్మికుడి దగ్గర అంత తీరిక లేదు. అంటే బేస్‌బాల్ అప్పట్లో టీ20 లాంటిది. ఇప్పుడు ‘మరీ నెమ్మది’ అని విసుక్కుంటున్న ఆట ఒకప్పుడు తొందర ఆటగానే గెలిచింది.

ఈ రెండు ఆటల చరిత్రలో 1932 నాకు ఇష్టమైన సంవత్సరం. ఆ జూన్‌లో లార్డ్స్ మైదానంలో భారత జట్టు తన తొలి టెస్ట్ ఆడింది. కెప్టెన్ సి.కె. నాయుడు, నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే మా బిలాస్‌పూర్ కూడా ఉండేది. నాగపూర్ మాకు బెంగాల్ నాగపూర్ రైల్వే లైనులో పడమటి కొస. 1926లో బొంబాయి జింఖానాలో ఎంసీసీ జట్టు మీద ఆయన 153 పరుగులు చేస్తూ 11 సిక్సర్లు కొట్టాడు. అదే 1932 జూలైలో డాన్ బ్రాడ్‌మన్ పెళ్ళి చేసుకున్న కొత్తలో అమెరికా వెళ్ళి, యాంకీ స్టేడియంలో బేబ్ రూత్‌ను కలిశాడు. బంతిని గాల్లోకి లేపి మైదానం దాటించడమే రూత్‌ను దేవుణ్ణి చేసింది. మన నాయుడిని జనం గుర్తుపెట్టుకున్నదీ అందుకే. ఈ ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు. పడి ఉంటే భాష అడ్డొచ్చేది కాదనుకుంటాను.

బయట నిలబెట్టినవాళ్ళు

పాత రోజుల గురించి తలపోస్తున్నప్పుడు ఒక ప్రమాదం ఉంది. అంతా బాగుండేదనిపిస్తుంది. బేబ్ రూత్ ఆడిన లీగులో నల్లజాతివాళ్ళకు చోటు లేదు. నిబంధనల పుస్తకంలో ఎక్కడా రాయలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి జట్ల యజమానులు అనుకుని పాటించిన కట్టుబాటు అది.

రైల్వే కాలనీలో పెరిగినవాళ్ళకు రాయని కట్టుబాట్ల సంగతి తెలుసు. బ్రిటిష్ కాలంలో రైల్వే ఊళ్ళలో యూరోపియన్ ఇనిస్టిట్యూట్ వేరు, ఇండియన్ ఇనిస్టిట్యూట్ వేరు. ఒక దానిలో బిలియర్డ్స్ బల్ల, నృత్యాలకు చెక్క నేల. రెండో దాని స్థాయి రెండోదే. బంగళాలు స్టేషన్‌కు ఏ వైపు ఉండాలో, క్వార్టర్లు ఏ వైపు ఉండాలో కూడా అలాగే తేలింది. వాల్తేరు, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి బీఎన్‌ఆర్‌లో పనికి వచ్చిన మన తెలుగువాళ్ళు ఖరగ్‌పూర్‌లో, చక్రధర్‌పూర్‌లో, రాయ్‌పూర్‌లో, ఇక్కడా ఆ గీతలకు ఇవతలే బతుకు మొదలుపెట్టారు.

అమెరికాలో నల్లజాతి ఆటగాళ్ళు తమ లీగులు తామే కట్టుకున్నారు. 1920లో రూబ్ ఫాస్టర్ అనే పిచర్ ముందు నిలబడి నీగ్రో నేషనల్ లీగ్ స్థాపించాడు. ఈయన తన చికాగో జట్టును ప్రత్యేకంగా అద్దెకు తీసుకున్న పుల్‌మన్ రైలు పెట్టెలో తిప్పేవాడు. దక్షిణాది ఊళ్ళలో హోటళ్ళు వాళ్ళకు గది ఇవ్వవు కాబట్టి ఆ పెట్టె విలాసమే కాదు, అవసరం కూడా. చికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికలను దక్షిణాదికి మోసుకెళ్ళింది కూడా ఆ రైళ్ళలో పనిచేసే పుల్‌మన్ పోర్టర్లే. ఆట, వార్త, ఆత్మగౌరవం అన్నీ రైలు పట్టాల మీదే ప్రయాణించాయి.

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగడంతో ఆ గోడ పగిలింది. ఈ కథ చాలామందికి తెలుసు. దానికి మూడు నెలల ముందు, జనవరి 20న, జాష్ గిబ్సన్ చనిపోయాడని తక్కువమందికి తెలుసు. నల్లజాతి లీగుల్లో అందరికన్నా గొప్ప బ్యాటర్ అని పేరున్నవాడు. వయసు 35. మేజర్ లీగులో ఒక్క బంతి కూడా ఆడకుండానే వెళ్ళిపోయాడు.

2020 డిసెంబరులో మేజర్ లీగ్ సంస్థ 1920-1948 మధ్య నడిచిన ఏడు నల్లజాతి లీగులను మేజర్ లీగులుగా గుర్తించింది. 2024 మేలో వాటి గణాంకాలను అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో జీవితకాల బ్యాటింగ్ సగటులో దాదాపు శతాబ్దంగా తొలి స్థానంలో ఉన్న టై కాబ్ 0.367తో రెండో స్థానానికి దిగాడు. 0.372తో మొదటి స్థానం జాష్ గిబ్సన్‌ది.

‘ఆయన ఆడిన ఆటలు తక్కువ కదా, ఈ లెక్క సరైనదేనా’ అని కొందరు అభిమానులు అడిగారు. ఆటలు తక్కువే. ఎందుకు తక్కువ? ఎక్కువ ఆడనివ్వలేదు కాబట్టి. ఆయన లీగుల షెడ్యూళ్ళు చిన్నవి. మిగతా రోజుల్లో పొట్ట గడవడానికి ఊరూరా తిరిగి ఆడిన ఆటలు లెక్కలోకి రావు. చేసిన అన్యాయం వల్ల తగ్గిన అంకెనే చూపించి న్యాయాన్ని ప్రశ్నించడం మనకూ అలవాటైన తర్కమే. చనిపోయిన 77 ఏళ్ళకు పట్టికలో పేరు ఎక్కితే గిబ్సన్‌కు ఒరిగేదేమీ లేదు. ఆ పట్టిక చదివే పిల్లలకు మాత్రం నిజం దక్కుతుంది.

గడియారం ఎందుకు వచ్చింది

ఇక వర్తమానం. గత ఇరవై ఏళ్ళలో బేస్‌బాల్‌ను గణాంకాలు ఆక్రమించాయి. ఏ బ్యాటర్ ఎటు కొడతాడో కంప్యూటర్ చెబితే ఫీల్డర్లంతా అటే మోహరించేవారు. ప్రతి పిచర్ తక్కువసేపు, పూర్తి బలంతో విసరడం మొదలుపెట్టాడు. బ్యాటర్లు హోమ్ రన్ కోసమే ఊపసాగారు. ఫలితంగా స్ట్రైక్అవుట్లు పెరిగాయి, పరుగు పందెం తగ్గింది. 2022లో మేజర్ లీగుల మొత్తం బ్యాటింగ్ సగటు 0.243కు పడిపోయింది. 1968 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2021లో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున 3 గంటల 10 నిమిషాలు పట్టింది. అందులో ఎక్కువ భాగం పిచర్ టోపీ సర్దుకోవడం, బ్యాటర్ గ్లౌజులు బిగించుకోవడం.

అందుకే 2023లో నిబంధనలు మార్చారు. బేస్‌ల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో, ఉంటే 20 సెకన్లలో పిచర్ బంతి విసరాలి. ఈ 20ని మరుసటి ఏడు 18 చేశారు. ఆలస్యం చేస్తే బ్యాటర్ ఖాతాలో ఒక బాల్. గడియారంలో 8 సెకన్లు మిగిలేసరికి బ్యాటర్ సిద్ధంగా లేకపోతే అతనికి ఒక స్ట్రైక్. ఫీల్డర్లందరినీ ఒకే వైపు మోహరించడం నిషేధించారు. బేస్‌ల వెడల్పును 15 అంగుళాల నుంచి 18కి పెంచారు.

ఫలితం ఆ సీజన్లోనే కనిపించింది. ఆట సగటు నిడివి 2022లో 3 గంటల 4 నిమిషాలు, 2023లో 2 గంటల 40 నిమిషాలు. పిచర్ కన్నుగప్పి తర్వాతి బేస్‌కు పరిగెత్తే ‘స్టీల్స్’ 2,486 నుంచి 3,503కు పెరిగాయి. ఆ ఏడాదే మా రేంజర్స్ తమ చరిత్రలో తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. నేను ఇర్వింగ్‌లోనే ఉన్నాను. మా మనవడు సోఫా మీద గెంతుతుంటే నేనూ లేచి నిలబడ్డాను.

గడియారం మీద నాకున్న కోపం కొన్ని ఆటలు చూశాక తగ్గింది. ఒక సంగతి ఆలస్యంగా అర్థమైంది. గడియారం పెట్టింది బంతికీ బంతికీ మధ్య ఖాళీకి, ఆటకు కాదు. ఆట ఇప్పటికీ అవుట్లతోనే ముగుస్తుంది. 2025 వరల్డ్ సిరీస్ మూడో ఆటలో డాడ్జర్స్, టొరంటో జట్లు 18 ఇన్నింగ్స్ ఆడాయి. 6 గంటల 39 నిమిషాలు. గడియారం అక్కడే ఉంది, తన పని తాను చేస్తూనే ఉంది. అయినా ఫ్రెడీ ఫ్రీమన్ హోమ్ రన్ కొట్టేదాకా ఆట ఆగలేదు. రైల్వే మాటల్లో చెప్పాలంటే, స్టేషన్లో ఆగే సమయాన్ని తగ్గించారు, ప్రయాణాన్ని కాదు.

ఆటను మార్చడం ఇదే మొదలూ కాదు. 1968లో పిచర్లు బ్యాటర్లను పూర్తిగా అణచేస్తే, మరుసటి ఏడు పిచర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు. 2026 నుంచి స్ట్రైకా, బాలా అన్న అంపైరు తీర్పును యంత్రం ముందు సవాలు చేసే పద్ధతి కూడా ప్రవేశపెట్టాలని నిర్ణయించారు. ‘పాత ఆట పాడైపోయింది’ అనే మాట ప్రతి తరంలోనూ వినిపించింది. ఆటేమో నడుస్తూనే ఉంది.

ఒక మోచేయి కథ

నన్ను నిజంగా కలవరపెట్టేది గడియారం కాదు, మోచేయి.

పిచర్ల వేగం ఏటా పెరుగుతోంది. 2008లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం గంటకు సుమారు 147 కిలోమీటర్లు, 2024లో సుమారు 151. నాలుగు కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఇది కొందరు మహామహుల వేగం కాదు, అందరి సగటు. మోచేతి లోపలి వైపు ఎముకలను కలిపి పట్టుకునే సన్నటి కట్టు ఒకటి ఉంటుంది. కండరాన్ని సాధన చేసి పెంచుకోవచ్చు, ఈ కట్టును అలా పెంచుకోలేం. వేగం పెరిగేకొద్దీ అది తెగుతోంది.

1974కు ముందు అది తెగితే ఆటగాడి బతుకు ముగిసినట్టే. ఆ ఏడాది సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్ రెండో చేతి నుంచి ఒక స్నాయువు తీసి తెగిన కట్టు స్థానంలో అల్లాడు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి, 1989 దాకా ఆడి, ఆపరేషన్ తర్వాతే 164 ఆటలు గెలిచాడు. ఆ ఆపరేషన్‌కు ఆయన పేరే స్థిరపడింది. ఇప్పుడది ఎంత మామూలైపోయిందంటే, షోహెయ్ ఒహ్తానీ లాంటి అపురూపమైన ఆటగాడి మోచేతికే రెండుసార్లు కత్తి పడింది.

మన పేరున్న ఒక కుర్రాడి కథ కూడా ఇందులో ఉంది. కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ నల్లజాతి అమెరికన్, పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. తల్లి లలిత భారతీయ మూలాలున్నావిడ. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా, 19 మందిని స్ట్రైక్అవుట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో ఎంపికగా తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత చేయి మీద అనుమానంతో ఒప్పందం చేసుకోలేదు. మరుసటి ఏడు రేంజర్స్ ఏకంగా మూడో ఎంపికగా తీసుకున్నారు. 2023 మేలో మోచేతికి టామీ జాన్ ఆపరేషన్. 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో తొలి మేజర్ లీగ్ ఆట ఆడి నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైక్అవుట్ చేశాడు. టీవీలో ‘కుమార్’ అని వినబడుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది.

అంతకుముందు, 2008లో, ఇండియాలో ఒక టీవీ పోటీ పెట్టి ‘ఎవరు వేగంగా విసురుతారు’ అని వెతికారు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్ళు ఎంపికై పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. 2014లో వాళ్ళ మీద ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ సినిమా వచ్చింది. ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగు దాకా చేరలేదు. ఆ పేరే చూడండి: పది లక్షల డాలర్ల చేయి. మనిషి కాదు, చేయి.

మా మనవడికి పదకొండేళ్ళు వచ్చాక లిటిల్ లీగులో పిచర్ అయ్యాడు. ఒకరోజు బాగా విసురుతున్నాడు. మధ్యలో కోచ్ వచ్చి బంతి తీసుకుని పక్కన కూర్చోబెట్టాడు. వాడు ఏడుపు ముఖం పెట్టాడు. నాకూ కోపమొచ్చింది. గెలిచే ఆటలో వేస్తున్నవాణ్ణి తీసేస్తారా? అమ్మాయి నెమ్మదిగా చెప్పింది: “నాన్నా, ఆ వయసు పిల్లలు రోజుకు 85 బంతులకు మించి వేయకూడదు. 66 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఎవరైనా సరే.”

ఇంటికి వస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసింది ప్రధానంగా డ్యూటీ గంటలకు ఒక పరిమితి కోసమే. 1974 మే 8 నుంచి 27 దాకా దేశమంతా జరిగిన రైల్వే సమ్మెలోనూ ఎనిమిది గంటల పని ఒక ముఖ్యమైన డిమాండు. సుమారు 17 లక్షల మంది పాల్గొన్నారు. అలసిన మనిషి చేతిలో బండి పెట్టకూడదు, మనిషికి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దును ఎవరో లెక్కపెట్టాలి. వాళ్ళు అడిగింది అదే. టామీ జాన్ ఆపరేషన్ కూడా అదే ఏడాది. గడియారం యజమాని చేతిలో ఉంటే పరుగెత్తిస్తుంది. పనివాడి పక్షాన నిలబడితే కాపాడుతుంది. నేను ఇన్నాళ్ళూ దాని ఒక ముఖమే చూశాను.

బిలాస్‌పూర్ మైదానంలో

ఈ ఆలోచనలతోనే తిరిగొచ్చాను. ఆట మారితే ఎవరికి ఏమవుతుందో మా ఊరికి బాగా తెలుసు. హాకీ దిగ్గజం లెస్లీ క్లాడియస్ 1927లో పుట్టింది బిలాస్‌పూర్‌లోనే. ఆంగ్లో-ఇండియన్ కుర్రాడు, బీఎన్‌ఆర్‌కు ఫుట్‌బాల్ ఆడటానికి వెళ్ళి హాకీ కర్ర పట్టాడు. 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు, 1960లో కెప్టెన్‌గా రజతం. రైల్వే ఊళ్ళ మట్టి, గడ్డి మైదానాలే ఆ తరానికి బడి.

1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ కృత్రిమ పచ్చిక మీదకు మారింది. మన జట్టు ఏడో స్థానంలో నిలిచింది. 1980 మాస్కో స్వర్ణం తర్వాత 2021లో టోక్యోలో కాంస్యం దాకా, 41 ఏళ్ళు, హాకీలో మనకు ఒలింపిక్ పతకమే లేదు. కారణాలు చాలా ఉన్నాయి. కానీ పచ్చిక పరుచుకోలేని ఊరి పిల్లలు ఒక్క దెబ్బతో వెనకబడ్డారన్నది కాదనలేని మాట. నిబంధన మారలేదు. నేల మారింది, అంతే.

అందుకే మార్పు గురించి నేను అడిగే ప్రశ్న ‘పాతది పోయిందా’ అని కాదు. ‘దీనివల్ల ఎవరు బయటపడతారు?’ అని. బంతి విసరడానికి 15 సెకన్ల గడువు పెడితే ఏ పేదపిల్లా మైదానం బయటకు పోదు. లక్షల ఖర్చుతో వేగం పెంచే శిక్షణాలయాలే ఆటకు ద్వారమైతే మాత్రం పోతారు. అమెరికాలో పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడు పడుతున్న బాధ అదే.

సాయంత్రాలు బుధ్వారీ బజారుకు కూరగాయలకు వెళ్ళి వస్తూ రైల్వే మైదానం దగ్గర ఆగుతుంటాను. ఒక మూల క్రికెట్, ఒక మూల ఫుట్‌బాల్. కొన్ని రోజులు ఒక చివర కొందరు ఆడపిల్లలు బేస్‌బాల్ సాధన చేస్తూ కనిపిస్తారు. సున్నంతో గీసిన డైమండ్, గోనెసంచుల బేస్‌లు. స్కూలు, యూనివర్సిటీ పోటీల్లో ఈ ఆట ఉంది. పోటీల్లో రాణిస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందన్న ఆశ ఉంది. ఇర్వింగ్‌లో ఆ ఆట సరదా. ఇక్కడ ఆ అమ్మాయిలకు అది ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్, బేస్‌బాల్-సాఫ్ట్‌బాల్ రెండూ తిరిగి వస్తున్నాయి. వీళ్ళలో ఎవరైనా అక్కడికి చేరతారని చెప్పలేను. ఆ మాట వీళ్ళ చెవిన పడితే చాలు, రేపు ఇంకొంచెం తొందరగా మైదానానికి వస్తారు.

ఆటలు ఊళ్ళు మారుతూనే ఉంటాయి. డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో 2008లో కట్టిన బేస్‌బాల్ స్టేడియంను క్రికెట్ స్టేడియంగా మార్చారు. 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ను ఓడించింది అక్కడే. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలతో వెళ్ళి చూసే మైదానం అది. అక్కడ బేస్‌బాల్ నేల మీద క్రికెట్, ఇక్కడ క్రికెట్ నేల మీద బేస్‌బాల్. ఏ ఆటా ఎవరి సొత్తూ కాదు.

మొన్న ఒక అమ్మాయి అలుపు లేకుండా విసురుతోంది. బాగా విసురుతోంది. ఒడ్డున కూర్చున్న నేను తెలియకుండానే వేళ్ళు లెక్కపెడుతున్నాను. అరవై దాటాక లేచి వెళ్ళి వాళ్ళ కోచ్‌తో అన్నాను, “ఇవాళ్టికి చాలు బాబూ, ఆ చేయి రేపటికీ కావాలి.” ఆయన నా వైపు వింతగా చూశాడు. తర్వాత నవ్వి, బంతి తీసుకుని ఆమెను కూర్చోబెట్టాడు. దూరంగా కోర్బా నుంచి విశాఖ వెళ్ళే బండి కూత వినబడింది. టైము ఎంతైందో చూసుకోలేదు.